వాసన లేని అంగీ

వేటకు మూడొద్దులు ముందుగల్లనే
నా మొగడు నన్ను పరాయిదాన్ని చేసేటోడు.
నులక మంచం ఎత్తుకపోయి
మక్కచేను గట్టు మీద ఏసుకునేటోడు.
"నీ నెత్తి ఆముదం అడివి దాకా వస్తదే,
దుప్పి నాకంటె ముందు నిన్ను గుర్తుపడ్తది"
అని నవ్వేటోడు.

బీడి బందు.
ఎల్లిపాయ కారం బందు.
ఉల్లిగడ్డేసిన పప్పు నేనూ పిల్లలూ తినాలె,
ఆయనకు వట్టి జొన్న గట్క.
సబ్బు తాకడు.
దయ్యాల వాగుల ఒండ్రుతోని ఒళ్ళు తోముకొని
ఎండకే ఆరేటోడు, తువ్వాల పట్టడు.
తువ్వాల గూడ ఇంట్లదేనాయె.

ఇగ ఆ అంగీ సంగతి.
పస్ర అంగట్ల కొన్న ఖాకి అంగీ,
కొన్ననాటి నుంచి నా చేతికియ్యలే.
పచ్చి మద్దాకుల పొగ పట్టి,
దుప్పి పెంటికెల నడుమ రెండు పూటలు దాచి,
రాత్రంతా ఇప్పకొమ్మకు మంచుల యాలాడదీసేటోడు.
"నువ్వు ఉతికితె అది నీ అంగీ అయితది,
అడివి ఉతికితె అడివిది."

ఈసం జోగయ్య విల్లు పెద్దదేం గాదు,
వెదురు బద్ద, నార తాడు.
గురి గూడ అంతంతే.
గాలి మాత్రం ఆయన మాట దాటేది గాదు.
మొలసంచిల నుంచి చిటికెడు బూడిద ఇడిచి చూసేటోడు,
బూడిద ఎటు పోతె అటు దుప్పి ఉండొద్దు.
తెల్లారుగట్ల చలిగాలి గుట్ట దిగుతది,
పొద్దెక్కితె గుట్టెక్కుతది,
ఈ ముచ్చట నాకు వందసార్లు చెప్పిండు,
నేనేదో రేపు వేటకు పోతున్నట్టు.

తెచ్చినయి తక్కువే.
పదేండ్లల్ల నాలుగో అయిదో.
వట్టి చేతుల్తోని వచ్చిన్నాడే సంబురంగ చెప్పేటోడు:
"ఇయ్యాల ఆరు బారల దాంక వచ్చింది,
మనిషినని దానికి తెలువలే.
గంతసేపు నేను లేను."

నాకప్పుడు సమజు గాలే.

తర్వాత జంగ్లాతోళ్ళొచ్చి విల్లు పట్టుకపోయిండ్రు.
కేసు రాసినా పైసలే, రాయకున్నా పైసలే.
విల్లు పోయినంక గూడ
నెలకోసారి బీడి మానేటోడు,
మంచం గట్టు మీదికి పోయేది,
అంగీ తొడుక్కొని వట్టి చేతులూపుకుంట గుట్టెక్కేటోడు.
ఎందుకని నేనడగలే.

ఎంజీఎం దవఖానల పన్నెండు దినాలు.
ఫినాయిలు, సూదిమందు,
పక్క మంచమాయన బత్తాయి తొక్కలు,
అన్ని వాసనలు అంటినయి ఆయనకు.
నేను ఆముదం పెట్టుకున్న నెత్తితోనే
ఆయన కాళ్ళకాడ పండుకున్న.
ఒద్దనలే.

దినాలు అయినంక
ఆ అంగీల మొకం పెట్టి ఎతికిన.
పొగ ఉన్నది. మద్దాకున్నది. వాగు ఉన్నది.
మనిషి లేడు.
సంక కింద, కాలరు మడతల, గుండీల ఎనుక
ఎక్కడ్నన్న ఇంత చెమట ఇడిసిపెట్టకపోతివి,
గింత ఉషారు ఎందుకయ్యా నీకు.

మొన్న చలికి ఆ అంగీ తొడుక్కొనే
మక్క కావలికి పోయి మంచె కింద కూసున్న.
గుట్ట దిగే గాలి మొకానికి కొడుతున్నది.
చుక్కల దుప్పి, ఆడిది, ఒక్కటే,
కంకులు కొరుక్కుంట కొరుక్కుంట
నా మోకాళ్ళ దాంక వచ్చింది.
డబ్బా కొట్టాలె నేను. కొట్టలే.
దాని మూతి మీది మంచు గూడ కనపడ్డది.
గంతసేపు నేను లేను.

అంతల గాలి మళ్ళింది.
మెడ ఎత్తింది. ముందరికాలుతోని నేల మీద ఒక్క దెబ్బ.
తెల్లగ తోక లేసింది, అడ్డం పడి ఉరికింది.

నెత్తి తడుముకున్న.
ఆముదమే.
చానా రోజులకు నవ్వొచ్చింది, చేను నడుమ, ఒక్కదానికి.

నాలుగు కంకులు తిన్నది జోగయ్యా,
ఆ లెక్క నీదే.